క్రీట్ దక్షిణ తీరంలో ఒకవైపు నడక, ఒకవైపు పడవ

మొదటిసారి వెళ్ళినప్పుడు మేం చేసిన తప్పు కారు అద్దెకు తీసుకోవడం. అది మూడు రోజులపాటు హోరా స్ఫకియోన్ రేవు దగ్గర ఎండలో పడి ఉంది. మేమేమో దానికి రోజువారీ అద్దె కడుతూ పడవల్లో తిరిగాం. గ్రీసు దేశపు క్రీట్ ద్వీపంలో స్ఫకియా అనే ఈ ప్రాంతంలో లెఫ్కా ఓరి, అంటే తెల్లకొండలు, నిటారుగా సముద్రంలోకి దిగిపోతాయి. తీరం వెంబడి రోడ్డు వేయడానికి చోటే లేదు. లుత్రో, అయా రూమేలి ఊళ్ళకు పడవలో వెళ్ళాలి, లేదంటే నడవాలి. ఈ రెండూ కలుపుకుంటేనే ఈ తీరం మీకు దక్కుతుంది.

కాబట్టి బస్సెక్కండి. బస్సు బయల్దేరే నగరాన్ని ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూసి ‘చానియా’ అనకండి, ‘హన్యా’ అనాలి. అక్కడి కేటీఈఎల్ (ఊళ్ళ మధ్య బస్సులు నడిపే సంస్థ) బస్‌స్టేషన్ నుంచి హోరా స్ఫకియోన్‌కి సుమారు రెండు గంటలు. చివర్లో కొండ దిగే మలుపులు చాలా ఉంటాయి, కడుపులో తిప్పేవాళ్ళు ముందు సీట్లో కూర్చోండి. షెంగెన్ వీసా ఉంటే గ్రీసుకు అది చాలు. నెలల విషయానికొస్తే మే, లేదా సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు మధ్య వరకు. జులై, ఆగస్టుల్లో ఆ రాళ్ళ మీద నడవడం నా వల్ల కాదు. చలికాలంలో పడవలు బాగా తగ్గిపోతాయి, చాలా హోటళ్ళు మూసేస్తారు. నగదు యూరోలు దగ్గర ఉంచుకోండి, చిన్న ఊళ్ళలో ఏటీఎంని నమ్ముకోవద్దు.

మొదటి రోజు హోరా నుంచి లుత్రోకి నడవండి. ఊరి నుంచి అనోపోలి వైపు తారురోడ్డు మీద ఓ అరగంట నడిచాక, పెద్ద మలుపు దగ్గర కాలిబాట చీలుతుంది. ఈ-4 అనే దూరప్రయాణపు బాటలో ఇదొక ముక్క, పసుపు-నలుపు గుర్తులు చూసుకుంటూ పోవడమే. కొంత మేర బాట కొండ చరియలోనే ఉంటుంది, పక్కన రెయిలింగ్ లేదు, కింద సముద్రం. కళ్ళు తిరిగేవాళ్ళకు టెన్షనే. మా ఆయన ఆ ముక్కంతా కొండ వైపు మొహం పెట్టి, పీతలా పక్కకి నడిచారు. పైనుంచి రాళ్ళు పడే చోట్లు కూడా ఉన్నాయి, అక్కడ ఫొటోల కోసం ఆగొద్దు. వాన పడ్డా, గాలి గట్టిగా ఉన్నా ఆ రోజు పడవే మేలు. బూట్లకు అడుగున పట్టు ఉండాలి. చెప్పులేసుకుని బయల్దేరి, పావుగంటలో వెనక్కి వచ్చిన అనుభవంతో చెప్తున్నా.

గంట దాటాక గ్లికా నేరా వస్తుంది. పేరుకు అర్థం ‘తీపి నీళ్ళు’. గులకరాళ్ళ తీరం, వెనక గోడలాంటి కొండ. ఇక్కడ ఒక పని తప్పకుండా చేయండి. అలలు వచ్చి తాకే చోటికి కాస్త ఇవతల రెండు చేతులతో రాళ్ళు తోడండి. మోచేతి లోతు కూడా అక్కర్లేదు, గుంటలోకి అడుగు నుంచి నీళ్ళు ఊరతాయి. మొదట మురికిగా ఉంటాయి, ఒక నిమిషం ఆగితే తేటపడతాయి. వేళ్ళు జివ్వుమనేంత చల్లన. నాలుక మీద వేసుకుంటే ఉప్పు జాడే లేదు, రెండడుగుల అవతల సముద్రమేమో ఉప్పుకషాయం! తెల్లకొండల సున్నపురాయిలో ఇంకిన వాన, మంచు నీళ్ళే లోపల్లోపల ప్రయాణించి ఇలా తీరంలో బయటపడతాయి. ఈతకి దిగితే ఒక చోట వెచ్చగా, పక్కనే ఐసులా తగిలేది కూడా అందుకే.

ఇంకో గంట నడిస్తే లుత్రో. తెల్లటి గోడలు, నీలం తలుపులు, కార్లు లేని చిన్న రేవు. రాత్రికి ఇక్కడే ఉండండి, గది మాత్రం ముందే బుక్ చేసుకోవాలి. తెలుగు బైబిల్లో క్రేతు ద్వీపంలోని ఫీనిక్సు రేవు గురించి చదివినవాళ్ళకు ఈ చోటు కొత్తేం కాదు. ఆ ఫీనిక్సు ఇక్కడే ఉండేదంటారు. పౌలు ఎక్కిన ఓడ చలికాలం అక్కడ గడపాలనుకుంది, చేరలేకపోయింది. ద్వీపం మీదినుంచి ఊరకులోను అనే పెనుగాలి విసిరి దాన్ని తోసేసింది.

ఆ గాలి సంగతి పాత కథ అనుకోకండి. రెండోసారి వెళ్ళినప్పుడు అయా రూమేలిలో పొద్దున లేచేసరికి ఆకాశం నిర్మలంగా ఉంది, పడవ మాత్రం రద్దు. ఉత్తరపు గాలి కొండల మీదినుంచి ఉన్నట్టుండి కిందికి దూకుతుంది, సముద్రం మీద తెల్లటి నురగ పరుగెత్తుతుంది. ఆ రోజంతా మేం అక్కడే చిక్కుకుపోయాం. అందుకే ఈ తీరం నుంచి నేరుగా విమానం ఎక్కే ప్లాన్ పెట్టుకోవద్దు, మధ్యలో ఒక రోజు ఖాళీ ఉంచుకోండి. ముందు రోజు సాయంత్రమే టికెట్ల కిటికీ దగ్గర మర్నాటి పడవ గురించి అడగండి.

అయా రూమేలికి అందరూ వచ్చేది సమరియా లోయ కోసం. పైన ‘క్సిలోస్కలో’ అనే చోటి నుంచి అయా రూమేలి ఊరిదాకా 16 కిలోమీటర్లు, 1,200 మీటర్లకు పైగా దిగుడు. 1962లో దీన్ని జాతీయ పార్కు చేశారు, లోపల ఉన్న సమరియా ఊరివాళ్ళను అప్పుడే బయటికి పంపించారు. సాధారణంగా మే నుంచి అక్టోబరు దాకా తెరిచి ఉంటుంది. మోకాళ్ళు మొరాయించేవాళ్ళకు నా సలహా: కింది నుంచి టికెట్ కొని ‘ఇనుప ద్వారాలు’ దాకా వెళ్ళి వెనక్కి వచ్చేయండి. లోయలో అన్నిటికంటే ఇరుకైన చోటు అదే, వెడల్పు నాలుగు మీటర్లే, రెండు పక్కలా నిలువు రాతిగోడలు. పై నుంచి వచ్చే గుంపు మధ్యాహ్నానికి చేరుతుంది, మీరు పొద్దున్నే వెళ్తే లోయ మీ సొంతం.

తిండికి పెద్ద మీమాంస అక్కర్లేదు, స్ఫకియాని పిటా అడగండి. పిండిలో మిజిత్రా జున్ను పెట్టి పల్చగా ఒత్తి, పెనం మీద కాల్చి, పైన తేనె పోస్తారు. చూస్తే అచ్చం బొబ్బట్టే, కొరికితే లోపల పుల్లటి జున్ను. భోజనమయ్యాక అడక్కుండానే చిన్న గ్లాసుల్లో త్సికుడియా వస్తుంది. ద్రాక్ష పిప్పితో కాచిన సారా అది. తాగనివాళ్ళు గుండె మీద చెయ్యి పెట్టి నవ్వుతూ వద్దంటే చాలు, ఎవరూ నొచ్చుకోరు.

తిరుగు ప్రయాణంలో సాయంత్రం పడవ హోరాలో దిగేసరికి హన్యా బస్సు రేవుకు పైన ఎదురుచూస్తూ ఉంటుంది. లోయ నడిచొచ్చిన జనమంతా దానికే ఎగబడతారు. ఐస్‌క్రీమ్ కోసం ఆగకుండా ముందు మెట్లెక్కి సీటు పట్టుకోండి.