భిన్నాలు – 4వ పాఠం: కనిష్ఠ రూపానికి కుదించడం

ఒక భిన్నంలోని లవాన్నీ హారాన్నీ ఒకే సంఖ్యతో గుణిస్తే దానికి సమానమైన భిన్నాలు ఎన్నైనా వస్తాయని గత పాఠంలో చూశాం. ఈ పాఠంలో అదే దారిలో వెనక్కి నడుస్తాం. లవహారాలు రెండింటినీ శేషం లేకుండా భాగించే సంఖ్య 1 తప్ప మరొకటి లేకపోతే ఆ భిన్నం కనిష్ఠ రూపంలో ఉన్నట్లు. కుదింపులో అంకెలు మారతాయే గాని విలువ మారదు.

84/126 తీసుకోండి. రెండూ సరి సంఖ్యలు కనుక 2తో భాగిస్తే 42/63 అవుతుంది. 63 బేసి సంఖ్య కావడంతో చాలామంది ఇక్కడే కలం దించేస్తారు. అయితే 42లోని అంకెల మొత్తం 6, 63లోని అంకెల మొత్తం 9. ఈ రెండు మొత్తాలూ 3తో భాగింపబడతాయి కనుక ఆ సంఖ్యలూ భాగింపబడతాయి. అప్పుడు 14/21, ఆపై 7తో భాగిస్తే 2/3 వస్తుంది. లవహారాలు రెండింటినీ శేషం లేకుండా భాగించే అతిపెద్ద సంఖ్యను గరిష్ఠ సామాన్య భాజకం (గ.సా.భా.) అంటారు; ఇక్కడ అది 42. మొదటే అది తట్టి ఉంటే ఒక్క అడుగులో పని ముగిసేది, తట్టకపోయినా నష్టం లేదు, ఎందుకంటే మనం వాడిన 2, 3, 7ల లబ్ధం ఆ 42యే.

అసలు చిక్కు 221/299 వంటి భిన్నాలతో వస్తుంది. 2, 3, 5, 7, 11 వీటిలో ఏదీ పనికిరాదు. ఇలాంటప్పుడు ఊహను పక్కన పెట్టి భాగహారాన్ని నమ్ముకోవాలి. 299ని 221తో భాగిస్తే శేషం 78. 221ని 78తో భాగిస్తే శేషం 65. 78ని 65తో భాగిస్తే శేషం 13. 65ని 13తో భాగిస్తే శేషం సున్నా. చివరి భాజకమైన 13 మనకు కావలసిన గ.సా.భా.; దానితో భాగిస్తే 17/23 వస్తుంది. రెండు సంఖ్యలను భాగించే ఏ సంఖ్య అయినా వాటి భేదాన్ని కూడా భాగిస్తుంది కనుక, ప్రతి అడుగులోనూ సంఖ్యలు చిన్నవవుతున్నా వాటి సామాన్య భాజకాలు మాత్రం చెక్కుచెదరవు.

క్రీ.పూ. 300 ప్రాంతంలో యూక్లిడ్ వివరించిన పద్ధతి ఇదే. సుమారు రెండు వేల ఏళ్ల నాటి ఒక చైనా గణిత గ్రంథం భాగహారానికి బదులు తీసివేతతోనే 49/91ని కుదించింది: 91 − 49 = 42, 49 − 42 = 7; ఆపై 42లోంచి 7ను వరసగా తీసివేస్తూ పోతే రెండు వైపులా 7 మిగులుతుంది. అందువల్ల జవాబు 7/13. భాగహారమంటే బెదిరేవారికి ఈ తీసివేత దారినే నేను సిఫారసు చేస్తాను; అడుగులు ఎక్కువైనా తప్పులు తక్కువ.

ఒక హెచ్చరిక. 16/64లో రెండు 6లను కొట్టివేసినా 1/4 అనే సరైన జవాబే వస్తుంది, కాని అది కేవలం కాకతాళీయం. అదే పని 13/35లో చేసి 1/5 అంటే తప్పు. మనం భాగించేది సంఖ్యలను, అంకెలను కాదు.

అభ్యాసానికి 45/60, 187/253, 143/210 భిన్నాలను కుదించండి. రెండవదాని జవాబును ఇప్పటికే ఈ పాఠంలో చూశారు. మూడవది ఎందుకు కుదరదో లవహారాల ప్రధాన కారణాంకాలు రాసి చూపండి. వచ్చే పాఠంలో భిన్నాల కూడికకు ఈ గ.సా.భా.తోనే పని పడుతుంది.