విదేశంలో సమష్టి పొలంలో కొన్నాళ్ళు పనిచేసి రావడం ఎలా?

చెన్నై అంబత్తూరులో మా పై అంతస్తులో ఉండే నెల్లూరు అమ్మాయి ఉద్యోగంలో రెండు నెలల సెలవు కూడబెట్టుకుంది. "పిన్నీ, కోటలూ మ్యూజియంలూ చూసి రావాలని లేదు. ఎక్కడైనా నలుగురూ కలిసి సాగుచేసుకునే పొలంలో ఉండి పనిచేయాలని ఉంది. దారి చెప్పు" అని అడిగింది. నేను నేపాల్ కొండల్లో అలాంటి చోట మూడు వారాలు ఉండి వచ్చానని ఆమెకు తెలుసు. ఆమెకు చెప్పినదే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా, అది ఎలాంటి చోటో తెలియాలి. సమష్టి పొలంలో భూమి అందరిదీ, వంటిల్లు ఒక్కటే, పనులు వంతులవారీగా. ఇప్పటి ఇజ్రాయెల్‌లో 1910లో మొదలైన దెగానియా మొదటి కిబుట్స్. అక్కడి సమష్టి వ్యవసాయ గ్రామాన్ని కిబుట్స్ అంటారు. అమెరికాలోని వర్జీనియాలో 1967లో ఏర్పడిన ట్విన్ ఓక్స్‌లో సుమారు వందమంది ఉంటారు, టోఫు తయారుచేసి అమ్ముతారు. అక్కడ ఒక్కొక్కరు వారానికి దాదాపు 42 గంటలు పనిచేయాలి. వంట, అంట్లు, బట్టలు ఉతకడం, పిల్లల్ని చూసుకోవడం అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. పొలంలో గడిపిన గంటకూ, పొయ్యి దగ్గర గడిపిన గంటకూ ఒకే విలువ. ఈ సంగతి చదివిన రోజు నాకు మా అమ్మ గుర్తొచ్చింది. ఆమె నలభై ఏళ్ళ గంటలను ఎవరూ ఏ పుస్తకంలోనూ రాయలేదు.

ఇంత పెద్ద సముదాయాలే కాక, చిన్న సేంద్రియ క్షేత్రాలూ వాలంటీర్లను తీసుకుంటాయి. అలాంటి క్షేత్రాలనూ వాలంటీర్లనూ కలిపే సంస్థ, 1971లో ఇంగ్లండ్‌లో మొదలైన వూఫ్ (WWOOF), ఇందుకు పాత దారి. రోజుకు నాలుగు నుంచి ఆరు గంటల పని, బదులుగా బస, భోజనం, జీతం ఉండదు. వూఫ్ సభ్యత్వం సాధారణంగా ఏ దేశానికి ఆ దేశం విడిగా తీసుకోవాలి, కాబట్టి దేశం తేల్చుకోకముందే రుసుము కట్టకండి.

మొదటి పని: దగ్గర్లోనే ఉండి చూడండి

దీన్ని దాటవేయవద్దు. చెన్నై నుంచి ఈసీఆర్ (తూర్పు తీర రహదారి) మీదుగా పుదుచ్చేరి బస్సు ఎక్కితే మూడు, నాలుగు గంటల్లో ఆరోవిల్ పరిసరాలకు చేరతారు. అక్కడ 2003లో మొదలైన సాధనా ఫారెస్ట్‌లో అనేక దేశాలవాళ్ళు గుడిసెల్లో ఉంటూ, ఎండిన నేలలో అడవిని తిరిగి పెంచుతున్నారు. పాలు, పెరుగు కూడా లేని శాకాహారం వాళ్ళది. నీటితో కడిగే మరుగుదొడ్డి కాదు, మలాన్ని ఎరువుగా మార్చేది. అలాంటి చోట వారం పది రోజులు ఉంటే, గొంతుకూర్చుని కలుపు తీయడానికి మీ మోకాళ్ళు ఒప్పుకుంటాయో లేదో, ముక్కూ మొహం తెలియని పదిమంది మధ్య నిద్ర పడుతుందో లేదో తేలిపోతుంది. ఇక్కడ తేలకుండా విమానం టికెట్టు కొనడం డబ్బు దండగ.

రెండో పని: ఉత్తరం రాయండి

పది చోట్లకు ఒకే ఉత్తరం పంపితే చదివేవారికి తెలిసిపోతుంది. వాళ్ళ వివరాలు పూర్తిగా చదివి, వాళ్ళ పొలం గురించి ఒక వాక్యమైనా రాయండి. మీకు వచ్చిన పని, రాని పని రెండూ చెప్పండి. "పార పట్టడం తెలియదు, యాభైమందికి వంట చేయగలను" అనే మాటకు మంచి విలువ ఉంటుంది. తర్వాత మీరు అడగవలసినవి: రోజుకు ఎన్ని గంటలు, వారానికి ఎన్ని సెలవులు, పడుకునే గది ఎవరితో పంచుకోవాలి, గదికి లోపల గడియ ఉందా, రాత్రి చలి ఎంత, దగ్గరి ఆసుపత్రి ఎంత దూరం. నేను చలి గురించి అడగలేదు. మొదటి రెండు రాత్రులు చీర మీద చీర చుట్టుకుని పడుకున్నాను.

అంతకు ముందు అక్కడ ఉండి వచ్చిన ఇద్దరితో ఫోనులో మాట్లాడించమనండి. ఆడపిల్లలకు ఇది తప్పనిసరి. మాట దాటవేస్తే ఆ చోటు వదిలేయండి. రోజుకు ఎనిమిది గంటలు, వారమంతా పని అంటే అది కూలి ఎగవేయడమే.

మూడో పని: వీసా విషయంలో అబద్ధం వద్దు

చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. "జీతం లేదు కదా, పర్యాటక వీసా చాలు" అనుకుంటారు. పనికి బదులుగా బస, భోజనం తీసుకున్నా న్యూజిలాండ్ దాన్ని ఉద్యోగంగానే లెక్కిస్తుంది. బ్రిటన్‌లో సందర్శక వీసా మీద స్వచ్ఛంద సేవకు అనుమతి ఉంది గానీ, నమోదైన ధార్మిక సంస్థకు, మొత్తం 30 రోజులకు మించకుండా మాత్రమే. ఆస్ట్రేలియా 2024 నుంచి 18–30 ఏళ్ళ భారతీయులకు ఏడాదికి 1,000 'వర్క్ అండ్ హాలిడే' వీసాలు లాటరీ పద్ధతిలో ఇస్తోంది. కిబుట్స్‌కు వెళ్ళేవారికి బి4 అనే వాలంటీరు వీసా ఉంది. అయితే 2023 అక్టోబరు దాడుల్లో సరిహద్దు కిబుట్స్‌లే ఎక్కువగా దెబ్బతిన్నాయి కాబట్టి మన విదేశాంగ శాఖ సూచనలు చూడకుండా అటు అడుగు వేయకండి. షెంగెన్ దేశాల్లో (ఒకే వీసాతో తిరగగల ఐరోపా దేశాలు) 180 రోజుల్లో 90 రోజులే ఉండగలరు, కనీసం 30,000 యూరోల వైద్య బీమా కావాలి. పొలం పని సంగతి ఆయా దేశాన్ని బట్టి మారుతుంది, కాబట్టి దరఖాస్తుకు ముందే కాన్సులేట్‌కు రాసి, జవాబు కాగితం మీద తెచ్చుకోండి.

ఇవన్నీ బరువనిపిస్తే, మొదటిసారికి నేపాల్ వెళ్ళండి. మనకు వీసా అక్కర్లేదు. వాలంటీరు పనికి అక్కడి నియమాలేమిటో మాత్రం పొలం వాళ్ళను అడగండి.

నాలుగో పని: పెట్టె సర్దడం

ధనుర్వాతం టీకా వేయించుకోండి. కెన్యా వంటి దేశాలైతే ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు కావాలి, గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేస్తారు. తిరిగి వచ్చేటప్పుడు మన విమానాశ్రయంలోనే ఆ పత్రం అడుగుతారు.

ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వెళ్ళేవారు బూట్ల అడుగున గాడుల్లో ఇరుక్కున్న మట్టిని పాత టూత్‌బ్రష్‌తో తోమి, కడిగి, ఎండబెట్టాలి. ఒక్క మట్టిబెడ్డ ఉన్నా ఆపుతారు. పొలం వాళ్ళకు కానుకగా గోంగూర విత్తనాలు పట్టుకెళ్ళాలని మనసు లాగుతుంది, వద్దు. ఆవకాయ, మెంతులు, ఆవాలు ఏవి ఉన్నా ఫారంలో రాసి చూపించండి. రాసి చూపిస్తే మహా అయితే తీసేసుకుంటారు, దాస్తే జరిమానా.

చేతికి సరిపడే తోలు గ్లౌజులు ఇక్కడినుంచే తీసుకెళ్ళండి. అక్కడ ఉండేవి చాలావరకు పెద్ద చేతులకు కుట్టినవి.

అక్కడికి చేరాక

మొదటి మూడు రోజులు సలహాలు ఇవ్వకండి, చూడండి. ఏ పనిముట్టు ఎక్కడ తగిలిస్తారో, ఏ బకెట్టు పశువులదో, ఏది వంటింటిదో గమనించండి. వంతుల పలక మీద అంట్ల పని ఖాళీగా కనిపిస్తే మీ పేరు రాయండి. నాకు మనుషులు దగ్గరైంది పొలంలో కన్నా ఆ అంట్ల తొట్టి దగ్గరే.

ఒక రోజు వంట మీరు తీసుకోండి. నలభైమందికి పులిహోర అంటే నాలుగు కిలోల బియ్యం, దాదాపు అరకిలో చింతపండు. అన్నం పలుకుగా వార్చి, వెడల్పాటి పళ్ళెంలో ఆరబోసి, పసుపు, నూనె పట్టించి, ఆ తర్వాతే పులుసు కలపండి. కారం సగానికి తగ్గించి, మిగతా ఎండుమిరపకాయలు విడిగా వేయించి గిన్నెలో పెట్టండి. నేను చేసిన రోజు ఒక ముసలాయన పళ్ళెం అడుగున మిగిలిన వేరుశనగ పప్పులు ఒక్కొక్కటే ఏరుకుని తిన్నాడు. మర్నాడు నన్ను తన వెంట తీసుకెళ్ళి, మెట్ల పొలంలో నీళ్ళు ఒక మడి నుంచి మరో మడికి ఎలా మళ్ళించాలో చూపించాడు.

బయలుదేరే ముందు రోజు దుప్పట్లు ఉతికి ఆరవేయండి. మీ పేరు మీద ఉన్న వంతులు ఎవరు చేస్తారో మాట్లాడుకుని, పలక మీద మీ పేరు మీరే తుడిచి వాళ్ళ పేరు రాసి రండి.