పూజ సెలవులకి ముందే: మల్టీవేరియబుల్ కాల్క్యులస్ జాగ్రత్తలు

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు బీఎస్సీ మేథ్స్ చదివే మన తెలుగువాళ్ళు ఈ పేపర్ ఉన్న సెమిస్టర్లో అక్టోబరు నెలని లెక్కలోంచి తీసేసుకోవడం మంచిది. దసరా పూజలు ఎలాగూ ఉంటాయి, కొన్నేళ్ళు దీపావళి కూడా ఆ నెలలోనే పడుతుంది. పైగా అది తుపానుల కాలం. 2013 అక్టోబరులో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, 2018 అక్టోబరులో తిత్లీ గజపతి జిల్లాని అతలాకుతలం చేసింది. కరెంటు పోయి ఫోన్ చార్జింగ్ అయిపోతే వీడియో పాఠాలన్నీ గోవిందా. పాత ప్రశ్నపత్రాలు, ఫార్ములాలు సెప్టెంబరులోనే జిరాక్స్ తీయించి ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి.

సెమిస్టర్ మొదలయ్యేలోపు పాత బాకీలు తీర్చాలి. ఇంటర్‌లో బట్టీపట్టి వదిలేసిన ఇంటిగ్రేషన్ ఇప్పుడు ప్రతి లెక్కలోనూ ఎదురవుతుంది. సబ్‌స్టిట్యూషన్, బై పార్ట్స్, సైన్ స్క్వేర్ లాంటివి చెయ్యి తిరిగేదాకా చెయ్యండి. వెక్టర్ల డాట్, క్రాస్ ప్రోడక్టులు కూడా అంతే. పార్షియల్ డెరివేటివ్ గురించి టెన్షన్ అక్కర్లేదు, అది రెండు రోజుల్లో వచ్చేస్తుంది.

అసలు మార్కులు పోయేది డబుల్ ఇంటిగ్రల్స్‌లో, అదీ బొమ్మ గీయకపోవడం వల్ల. ఇ పవర్ ఎక్స్ స్క్వేర్‌ని ఇంటిగ్రేట్ చెయ్యమన్నారు అనుకోండి: లోపల ఎక్స్ విలువ వై నుంచి ఒకటి దాకా, బయట వై సున్నా నుంచి ఒకటి దాకా. ఇచ్చిన వరుసలోనే మొదలుపెడితే మొదటి అడుగులోనే ఆగిపోతారు, ఎందుకంటే ఆ ఫంక్షన్‌కి మనకి తెలిసిన ఫార్ములాల్లో యాంటీడెరివేటివ్ లేదు. కాగితం మీద ప్రాంతం గీస్తే అది ఒక త్రిభుజం. దాన్నే నిలువుగా చూస్తే వై సున్నా నుంచి ఎక్స్ దాకా, ఎక్స్ సున్నా నుంచి ఒకటి దాకా అవుతుంది. ఇలా వరుస మారిస్తే ముందు ఒక ఎక్స్ వచ్చి చేరుతుంది, సబ్‌స్టిట్యూషన్ దానంతటదే పడుతుంది. జవాబు, ఇ లోంచి ఒకటి తీసేస్తే మిగిలేదాంట్లో సగం. పోలార్ కోఆర్డినేట్స్‌కి మారినప్పుడు ఆర్ గుణకం రాయడం మాత్రం మరవకండి. లెక్కంతా సరిగ్గా చేసి ఇక్కడ జారేవాళ్ళు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు.

లిమిట్స్‌లో ఇంకో గొయ్యి ఉంది. ఎక్స్ స్క్వేర్ వై ని, ఎక్స్ పవర్ నాలుగు ప్లస్ వై స్క్వేర్‌తో భాగించిన ఫంక్షన్ తీసుకోండి. మూలబిందువుకి ఏ సరళరేఖ మీద వెళ్ళినా సున్నాయే వస్తుంది. సంబరపడి లిమిట్ సున్నా అని రాసేస్తే సున్నా మార్కులే. వై ఈక్వల్ టు ఎక్స్ స్క్వేర్ పారాబోలా మీద వెళ్ళి చూడండి, సగం వస్తుంది. అంటే లిమిట్ లేదు. లిమిట్ లేదని చూపడానికి వేర్వేరు విలువలిచ్చే రెండు దారులు చాలు. ఉందని చెప్పాలంటే ఎన్ని దారులు చూపినా చాలదు, స్క్వీజ్ (ఒకే లిమిట్ ఉన్న రెండు ఫంక్షన్ల మధ్య ఇరికించడం) లాంటి రుజువు కావాల్సిందే.

గ్రీన్, స్టోక్స్, గాస్ సిద్ధాంతాలు చివర్లో వస్తాయి, సరిగ్గా సెలవులకి కాలేజీ ఖాళీ అయ్యే వేళకి. వీటికి ఫార్ములా కంటే షరతులు ముఖ్యం. గ్రీన్‌కి గీత మూసి ఉండాలి, అపసవ్య దిశలో తిరగాలి, లోపల ఎక్కడా వెక్టర్ ఫీల్డ్ చెడకూడదు, అంటే సున్నాతో భాగించాల్సి వచ్చే బిందువు లాంటిది ఉండకూడదు. గాస్‌కి ఉపరితలం మూసి ఉండాలి. అర్ధగోళం ఇస్తే అడుగున ఉన్న వృత్తాన్ని కలిపి, తర్వాత దాని వాటా తీసెయ్యాలి.

క్లాసులో ఒడియా, పుస్తకంలో ఇంగ్లీషు, రూములో తెలుగు. ఇది మన దగ్గర మామూలే. డౌట్ ఉంటే వచ్చీరాని ఒడియాలో అయినా సరే సార్‌ని అడిగెయ్యండి, మొహమాటపడకండి. రూములో తెలుగులో ఎంత చర్చించుకున్నా, రుజువుల్ని మాత్రం ఇంగ్లీషులో రాసి ఒకరి పేపర్ ఒకరు దిద్దుకోండి.

పరీక్షలో స్ఫెరికల్ కోఆర్డినేట్స్ వాడితే ఏ కోణాన్ని థీటా అంటున్నారో, దేన్ని ఫై అంటున్నారో జవాబు మొదట్లోనే రాయండి. ఫిజిక్స్ పుస్తకాల్లో ఆ రెండూ తరచుగా తారుమారుగా ఉంటాయి.