ఫోర్ వీల్ డ్రైవ్ కార్లకు బ్రేక్ టెస్ట్: రోలర్ మీదా, రోడ్డు మీదా?

బ్రిటన్‌లో ఎంఓటీ తనిఖీకి (బండి రోడ్డుకు తగినదో కాదో చూసే తప్పనిసరి పరీక్ష) ఫోర్ బై ఫోర్, అంటే ఫోర్ వీల్ డ్రైవ్ బండి వస్తే, రోలర్ (చక్రాలను తిప్పి బ్రేకు బలం కొలిచే యంత్రం) మీదికి ఎక్కించే ముందే డ్రైవ్ ఏ రకమో తేల్చుకోండి. సుజుకీ జిమ్నీ లాంటి పార్ట్‌టైమ్ బండి (అవసరమైనప్పుడే నాలుగు చక్రాలకూ బలం ఇచ్చేది) అయితే లివర్ 2హెచ్‌లో, అంటే రెండు చక్రాల డ్రైవ్‌లో పెట్టి మామూలుగానే టెస్ట్ చేయొచ్చు. లివర్ మారినా డ్రైవ్ ఒక్కోసారి విడిపోదు. నాలుగడుగులు ముందుకూ వెనక్కీ నడిపి, డ్యాష్‌బోర్డు మీద 4డబ్ల్యూడీ లైటు ఆరిందో లేదో చూడండి.

నాలుగు చక్రాలకూ ఎప్పుడూ బలం అందే పర్మనెంట్ డ్రైవ్ బండిని మామూలు రోలర్ మీద పెట్టకూడదు. రోలర్ తిప్పే బలం ముందు, వెనక ఇరుసులను కలిపే సెంటర్ డిఫరెన్షియల్ లేదా విస్కస్ కప్లింగ్ గుండా నేల మీదున్న చక్రాలకు పోతుంది. బండి ముందుకు దూకొచ్చు, కప్లింగ్ కాలొచ్చు, రీడింగ్ ఎలాగూ తప్పే. ఒక చక్రాన్ని ముందుకూ, రెండోదాన్ని వెనక్కీ తిప్పే రోలర్ ఉంటే ఇరుసుకు బలం మోసే ప్రొపెల్లర్ షాఫ్ట్ తిరగదు. అప్పుడు ముందుకు తిరుగుతున్న చక్రం రీడింగే తీసుకోవాలి.

అలాంటి రోలర్ లేకపోతే డిసెలరోమీటరే (బ్రేకు వేసినప్పుడు వేగం ఎంత త్వరగా తగ్గుతుందో కొలిచే మీటరు). దాన్ని బండిలో కదలకుండా, లెవెల్‌గా అమర్చి, ఖాళీ రోడ్డు మీద గంటకు సుమారు 32 కిలోమీటర్ల వేగంలో పెడల్‌ను క్రమంగా గట్టిగా నొక్కండి. 2010 సెప్టెంబరు 1 నుంచి తొలిసారి రోడ్డెక్కిన కార్లకు బ్రేకు సామర్థ్యం కనీసం 58 శాతం, అంతకుముందు వాటిలో చాలావాటికి 50 శాతం రావాలి. ఎడమ, కుడి తేడాను మీటరు చెప్పదు. స్టీరింగ్ ఏ పక్కకు లాగుతోందో చేతులతోనే పసిగట్టాలి.

పాత ల్యాండ్ రోవర్ డిఫెండర్ హ్యాండ్‌బ్రేక్ చక్రాలను కాదు, వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను పట్టుకుంటుంది. నడుస్తుండగా దాన్ని ఒక్కసారిగా లాగితే దెబ్బ డిఫరెన్షియల్‌కూ చక్రాలను తిప్పే హాఫ్ షాఫ్ట్‌లకూ తగులుతుంది.