పాకెట్ సైజు తేడా వస్తే ప్రోగ్రామ్ జోలికి వెళ్లకండి

ఫానక్ కంట్రోల్ (మెషిన్‌ని నడిపే కంప్యూటర్) ఉన్న మిల్లింగ్ మెషిన్ మీద ఎండ్ మిల్ అనే కోత టూల్‌తో పాకెట్ (గోడలున్న గుంట) తీసేటప్పుడు రోజూ ఎదురయ్యే తంటాలివి.

సమస్య: 50 మి.మీ. రావాల్సిన పాకెట్ 49.92 వచ్చింది.

కారణం: 10 మి.మీ. టూల్‌ని మైక్రోమీటర్‌తో కొలవండి. రీగ్రైండ్ (మళ్లీ సానపట్టిన) టూల్ అయితే 9.92 చూపించవచ్చు. ఆఫ్‌సెట్ పేజీలో మాత్రం డి1 (టూల్ వ్యాసార్ధం విలువ) ఇంకా 5.000 అనే ఉంటుంది. అందుకే ఒక్కో గోడకి 0.04 మిగిలిపోయింది.

పరిష్కారం: డి1ని 4.960 చేయండి. చాలామంది కంగారులో ప్రోగ్రామ్‌లో ఎక్స్, వై విలువలు మార్చేస్తారు. రేపు కొత్త టూల్ ఎక్కించగానే జాబ్ (కోస్తున్న ముక్క) ఓవర్‌సైజ్, నేరుగా స్క్రాప్‌లోకి! ఒక మెలిక ఉంది: క్యామ్ (ప్రోగ్రామ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్) నుంచి టూల్ సెంటర్ పాత్‌గా, అంటే టూల్ వ్యాసార్ధం ముందే లెక్కేసి వచ్చిన ప్రోగ్రామ్ అయితే డి1లో సున్నా ఉంటుంది. అక్కడ వేయాల్సింది మైనస్ 0.040. పొరపాటున 4.960 వేశారో, టూల్ దాదాపు 5 మి.మీ. పక్కకి జరుగుతుంది.

సమస్య: జి41 (టూల్‌ని దాని వ్యాసార్ధం మేర పక్కకి జరిపే కాంపెన్సేషన్ కోడ్) దగ్గర 34 నంబర్ అలారం.

కాంపెన్సేషన్ ఆర్క్ (వంపు కదలిక) మీద మొదలైంది. ముందు టూల్ వ్యాసార్ధం కంటే పొడవైన తిన్నని కదలిక ఇచ్చి, ఆ తర్వాతే ఆర్క్ ఇవ్వండి. 41 నంబర్ అలారం వస్తే లోపలి మూల టూల్‌కి ఇరుకైందేమో చూడండి, చిన్న టూల్ పెట్టండి.

సమస్య: మూలల్లో కీచుమనే శబ్దం, గోడ మీద అలల్లాంటి గీతలు.

స్పిండిల్‌నో వైస్‌నో అనుమానించే ముందు ఒక లెక్క వేయండి. మూల వ్యాసార్ధం 6, టూల్ వ్యాసార్ధం 5. అంటే టూల్ సెంటర్ తిరిగేది 1 మి.మీ. ఆర్క్‌లో, గోడని కోసే అంచు తిరిగేది 6లో. సెంటర్ పాత్‌కి ఎఫ్600 (ఫీడ్, అంటే నిమిషానికి 600 మి.మీ. వేగం) ఇస్తే గోడ దగ్గర అది 3600! మూల ఆర్క్ వరకు ఎఫ్100కి దించండి. లేదా 8 మి.మీ. టూల్‌తో ఫినిష్ చేయండి, ఆరు రెట్లు కాస్తా మూడు రెట్లవుతుంది.

సమస్య: ఎక్స్50 అంటే టూల్ కదిలీ కదలనట్టుంది.

దశాంశ బిందువు మరిచారు. చాలా మెషిన్లలో అది 0.050 మి.మీ. ఎక్స్50. అని చుక్క పెట్టండి.

సమస్య: టూల్ జాబ్‌లోకి దిగిపోతుందేమోనని టెన్షన్.

జి43 (టూల్ పొడవుని లెక్కలోకి తీసుకునే కోడ్) లైన్‌లో టూల్ 3కి హెచ్3 (దాని పొడవు విలువ) ఉందో లేదో చూడండి. సింగిల్ బ్లాక్ (ఒక్కో లైన్‌కి ఆగే మోడ్) ఆన్ చేసి, రాపిడ్ (కోత లేని వేగ కదలిక) 25 శాతానికి తగ్గించి, వేలు ఫీడ్ హోల్డ్ (కదలిక ఆపే బటన్) మీద ఉంచండి. జెడ్50. దగ్గర ఆగాక టూల్ కొనకీ జాబ్‌కీ మధ్య స్కేలు పెట్టండి. 50 లేకపోతే సైకిల్ స్టార్ట్ ముట్టుకోవద్దు.