బ్రాడ్‌హెడ్ బిగించగానే బాణం పక్కకు పోతోందా? కాంపౌండ్ బో సమస్యలు, పరిష్కారాలు

ఫీల్డ్ పాయింట్‌తో (సాధనకు వాడే మామూలు మొనతో) గురి చక్కగా కుదిరిన కాంపౌండ్ బో, అంటే కప్పీలున్న విల్లే, బ్రాడ్‌హెడ్ (పదునైన రేకులున్న వేట మొన) పెట్టగానే బాణాన్ని జానెడు అవతల దింపుతుంది. చాలామంది వెంటనే సైట్ (విల్లు మీద గురి చూసే పరికరం) తిప్పేస్తారు. దానివల్ల బాణం దిగే చోటు మారుతుందే తప్ప అడ్డంగా ఎగరడం మానదు. బ్రాడ్‌హెడ్ రేకులు గాలిని పట్టుకుని ఆ చిన్న వంకరను పెద్దది చేస్తాయి. అందుకే సైట్ పని ఆఖరుకు. రెంచ్ పట్టుకునే ముందు రెస్ట్ (బాణం ఆనే ఆధారం), డీ-లూప్ (విల్లు తాడుకు కట్టి లాగే చిన్న ఉచ్చు) ఉన్నచోట పెన్సిల్ గీత పెట్టుకోండి. ఒకసారికి ఒక్క మార్పే చేయండి.

కాగితం మీద తోక పైకి చినుగుతోంది

చట్రానికి బిగించిన కాగితంలోంచి సుమారు 2 మీటర్ల దూరం నుంచి బాణం వేయండి. మొన చేసిన చిల్లికి పైన వేన్ల (బాణం తోక రెక్కల) చినుగు ఉంటే నాకింగ్ పాయింట్ (తాడుకు బాణం తగిలించే చోటు) ఎత్తు ఎక్కువైనట్టు. డీ-లూప్‌ను దించండి, లేదా రెస్ట్‌ను లేపండి. ఒక్కో విడతకు 1 మి.మీ. దాటొద్దు. చినుగు కిందికి ఉంటే దీనికి తిరగేసి చేయాలి.

ఎంత జరిపినా చినుగు మారడం లేదంటే వేన్లు ఎక్కడో తగులుతున్నాయి. వేన్ల అంచులకు లిప్‌స్టిక్ పూసి ఒక బాణం వేస్తే మరక రెస్ట్ మీద పడిందో కేబుల్ (విల్లు చివరి కప్పీలను కలిపే తాడు) మీద పడిందో తెలిసిపోతుంది. నాక్‌ను (బాణం తోక చివర తాడును పట్టే గాడిని) కాస్త తిప్పితే చాలాసార్లు తీరుతుంది. డ్రాప్-అవే రెస్ట్ (బాణం వదలగానే కిందికి వాలేది) అయితే దాని తాడు జారిందేమో ముందు చూడండి.

పక్కకు చినుగుతోంది

మొదట అనుమానించాల్సింది మీ అరచేతినే. పిడిని బిగించి పట్టుకుంటే విల్లు మెలి తిరుగుతుంది. చేయి వదులుగా ఉంచి 3 బాణాలు వేయండి. చినుగు ఒక్కోసారి ఒక్కోవైపు వస్తే లోపం పట్టులోనే ఉంది, విల్లును ముట్టుకోవద్దు. ప్రతిసారీ ఒకేవైపు వస్తే రెస్ట్‌ను అర మి.మీ. జరపండి. చినుగు పెరిగితే ఎదురువైపు జరపండి.

3 మి.మీ. జరిపినా దారికి రాకపోతే బాణం స్పైన్ (ఎంత వంగుతుందో చెప్పే కొలత) సరిపోలేదేమో చూడాలి. 340 స్పైన్ అంటే 28 అంగుళాల ఎడంతో రెండు ఆధారాల మీద ఉంచిన బాణం, నడుమ 880 గ్రాములు వేలాడదీస్తే 0.340 అంగుళం వంగుతుందని. అంకె తగ్గేకొద్దీ బాణం గట్టిది. మొన బరువును 100 నుంచి 125 గ్రెయిన్లకు (బాణాల బరువు కొలిచే చిన్న ప్రమాణం) పెంచితే అది మెత్తని బాణంలా నడుచుకుంటుంది. పొట్టిగా కోస్తే గట్టి బాణంలా. కోసింది మళ్లీ అతకదు కాబట్టి ముందు మొనలు మార్చి చూడండి.

కాగితం బాగుంది, బ్రాడ్‌హెడ్ మాత్రం వేరేచోట దిగుతోంది

బాణాన్ని వేళ్ల మీద తిప్పి చూడండి. మొన వణికితే ఇన్సర్ట్ (బాణంలో మొన బిగించే లోపలి ముక్క) వంకరగా ఉంది, ఆ బాణాన్ని పక్కన పెట్టేయండి. మిగతావాటితో 20 మీటర్ల నుంచి రెండు రకాల మొనలతో మూడేసి బాణాలు వేయండి. బ్రాడ్‌హెడ్ గుంపు ఎడమకు పడితే రెస్ట్‌ను కుడికి, కింద పడితే రెస్ట్‌ను పైకి జరపాలి. అంటే ఫీల్డ్ పాయింట్లు పడిన దిక్కుకే. రెండు గుంపులూ కలిశాకే సైట్.

గుంపు నిలువుగా సాగుతోంది, లాగుడు చివర గోడ (గట్టిగా ఆగాల్సిన చోటు) మెత్తగా ఉంది

కేబుల్ సాగి రెండు కామ్‌లూ (విల్లు చివరి కప్పీలు) ఒకేసారి ఆగడం లేదు. నిండా లాగినప్పుడు ఇంకొకరిని పక్కనుంచి చూడమనండి. బో ప్రెస్ (విల్లును వంచి తాళ్లను వదులుచేసే యంత్రం) మీద కేబుల్‌కు ఒక మెలిక మార్చి మళ్లీ చూడాలి. ప్రెస్ లేకుండా కేబుల్ విప్పడం చేతులకే ప్రమాదం.

పీప్ (తాడులో అమర్చిన గురి రంధ్రం) కంటికి ఎదురుగా తిరగడం లేదు

అదే ప్రెస్ మీద స్ట్రింగ్ చివర అర మెలిక చాలు.

వదలగానే పెద్ద చప్పుడు, చేతికి అదురు

వదులైన స్క్రూలు లేకపోతే బాణం తేలికైంది. తయారీదారులు సాధారణంగా లాగుడు బలంలో ఒక్కో పౌండుకు కనీసం 5 గ్రెయిన్లు అడుగుతారు. 70 పౌండ్ల విల్లుకు 350 గ్రెయిన్లు. వేటకు ఇంతకంటే బరువైనదే మేలు, చప్పుడు తగ్గుతుంది, లోతుగా దిగుతుంది. లింబ్ (విల్లు వంగే చేయి) బోల్టులు తిప్పి పౌండేజ్ (లాగుడు బలం) తగ్గించాలంటే పైదీ కిందదీ సమానంగా తిప్పండి, తయారీదారు చెప్పిన చుట్లు దాటకుండా.