జాంబీ సిరీస్‌లో "వీడు మళ్లీ అక్కడికెందుకు వెళ్తున్నాడు?" అనిపిస్తే ఏం చెయ్యాలి

మా తమ్ముడు జాంబీ సిరీస్ పెడితే చాలు, "బుద్ధుందా వీడికి, మళ్లీ అటే పోతున్నాడు!" అని టీవీ మీద కేకలేస్తాడు. సీరియళ్లకు సీన్లు రాసే నేను ఆ కేకని తేలిగ్గా తీసుకోను. తప్పు పాత్రదా, రాసినవాళ్లదా అన్నది చూడాలి.

అక్కడే ఆపి, నోట్‌బుక్ తియ్యండి. ఈ నిమిషానికి ఆ మనిషికి ఏం తెలుసో రాయండి. మీకు తెలిసింది కాదు. తలుపు వెనకాల ఏముందో మనం చూశాం, అతను చూడలేదు. నిద్రపోయి ఎన్నాళ్లయిందో కూడా ఓ ముక్క రాసుకోండి.

రెండో పేజీలో, వెళ్లకపోతే అతనికి ఏం పోతుందో రాయండి. అసలు సంగతి ఇక్కడే తేలుతుంది. 2010లో వచ్చిన 'ది వాకింగ్ డెడ్' మొదటి సీజన్ చూడండి. హీరో రిక్ భార్యాబిడ్డల్ని కలుసుకున్న మర్నాడే, జాంబీలతో నిండిన అట్లాంటా నగరానికి మళ్లీ బయల్దేరతాడు. అదీ మేడ మీద తానే బేడీలేసి, వదిలేసి వచ్చిన మెర్ల్ లాంటి దుర్మార్గుడి కోసం! మూర్ఖత్వంలాగే ఉంటుంది. కానీ లెక్కపెట్టండి. ఎండలో ఓ మనిషిని అలా వదిలేశానన్న బాధ. ఎదురుగా మెర్ల్ తమ్ముడు డారిల్. వీధిలో పడిపోయిన తుపాకుల సంచి. అందులోనే వాకీటాకీ. తన ప్రాణం కాపాడిన మోర్గన్‌ని హెచ్చరించాలంటే అదొక్కటే దారి. ఇవన్నీ మనం ముందే కళ్లారా చూసినవి.

పైగా మన నోట్లో ఉన్న అభ్యంతరాన్ని రిక్ స్నేహితుడు షేన్ అడిగేస్తాడు. వాళ్లంతా తలదాచుకున్న క్యాంపులో మనుషులు తగ్గిపోతారంటాడు. నిజంగానే ఆ రాత్రి క్యాంపు మీద జాంబీలు పడతాయి. ఎదుటివాడి మాటలోనూ న్యాయం ఉన్నప్పుడే ఆ నిర్ణయానికి బరువొస్తుంది. నాకు ఈ సీజన్‌లో బాగా నచ్చిన రాత ఇదే.

రెండో సీజన్‌లో హెర్షెల్ అనే పెద్దాయన జాంబీల్ని కొట్టంలో పెట్టి మేపుతుంటే చిరాకు పడినవాళ్లూ ఇదే చేసి చూడండి. ఆయన పశువుల డాక్టరు. లోపలున్నది జాంబీగా మారిన భార్య. ఆయన దృష్టిలో ఆమెది జబ్బు.

నోట్‌బుక్‌లో రెండో పేజీ ఖాళీగా మిగిలితే మాత్రం తప్పు రచయితదే. మీరే రాస్తుంటే, ఆ సీన్‌లో డైలాగుతో సర్దకండి. పిల్లాడి ఇన్‌హేలర్ కోసం తల్లి కాలిపోతున్న ఇంట్లోకి పరిగెత్తాలా? అయితే రెండు ఎపిసోడ్ల ముందే వాడికి ఆయాసం రావాలి, ఆ ఇన్‌హేలర్ ఒక్కటే మిగిలిందని ఆమె ఊపి చూసుకోవాలి.